డ్రాఫ్ట్ ముందు క్వార్టర్‌బ్యాక్‌ని తూచే సాధనాలు: ఏది డబ్బుకు తగ్గది, ఏది దండగ

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ ముగిసిన ఫిబ్రవరి నుంచి, టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏప్రిల్ చివరి డ్రాఫ్ట్ దాకా అభిమాని జేబుకు చిల్లు పెట్టే సరుకు చాలానే వస్తుంది. కంబైన్ (ఆటగాళ్లకు ఒకేచోట జరిగే పరీక్షలు) ప్రసారాలు, ప్రో డే (సొంత కాలేజీలో ఇచ్చే ప్రదర్శన) లైవ్‌లు, డ్రాఫ్ట్ గైడ్లు, చార్టింగ్ డేటా చందాలు, గేమ్ ఫిల్మ్. ఏ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించేవాడు) నిలబడతాడో ముందే చెప్పేస్తామన్నదే అన్నిటి హామీ. ఇక్కడ ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్నతో చూశాం: ఈ కుర్రాడు మూడో సీజన్‌లో కూడా అదే టీమ్‌కి స్టార్టర్‌గా (ఆట మొదలుపెట్టే మొదటి ఎంపికగా) ఉంటాడా అన్నది తేల్చుకోవడానికి ఇది ఏమన్నా పనికొస్తుందా? తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తే, ప్రెజర్ (డిఫెన్స్ క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకురావడం) లెక్కలు తీసుకోండి, ఆల్-22 ఫిల్మ్ (22 మంది ఆటగాళ్లూ కనిపించేది) దొరికితే వదలకండి. మిగతావాటిలో చాలావరకు, ఎదురుగా డిఫెన్స్ లేనప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుందో కొలుస్తాయి. చెయ్యి బాగా లేనివాడు అసలు ఆ జాబితా దాకా రానే రాడు.

ఈ సాధనాలన్నీ చేతిలో ఉన్న టీమ్‌లే ఎంతగా తప్పుతాయో గుర్తుంచుకుంటే కొనేటప్పుడు ఆశ అదుపులో ఉంటుంది. 2021లో మొదటి 15 పిక్‌లలో (ఎంపికల్లో) ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు: ట్రెవర్ లారెన్స్, జాక్ విల్సన్, ట్రే లాన్స్, జస్టిన్ ఫీల్డ్స్, మాక్ జోన్స్. 2024 డ్రాఫ్ట్ వచ్చేసరికి లారెన్స్ తప్ప నలుగురినీ వాళ్ల టీమ్‌లు ట్రేడ్ చేసేశాయి. లాన్స్ కోసం 12వ పిక్ నుంచి 3వ పిక్‌కి ఎగబాకడానికి శాన్‌ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చుకుంది. అదే టీమ్‌కి 2022లో చిట్టచివరి 262వ పిక్‌లో దొరికిన బ్రాక్ పర్డీ స్టార్టర్ అయ్యాడు. 2017లో షికాగో రెండో పిక్‌తో మిచ్ ట్రుబిస్కీని తీసుకుంటే ప్యాట్రిక్ మహోమ్స్ పదో పిక్ దాకా మిగిలాడు. 2000లో టామ్ బ్రేడీ 199వ వాడు, అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు. పైనుంచి కిందిదాకా ప్రతి రౌండ్‌లోనూ ఇదే వరస.

కంబైన్, ప్రో డే

ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో టీమ్‌లకు అసలు విలువైనది వైద్య పరీక్ష. అది టీవీలో రాదు. వచ్చేది పరుగు, గెంతు, కొలతలు. బ్రేడీ 40 గజాల పరుగు 5.28 సెకన్లు. దాని గురించి అంతకుమించి చెప్పేదేం లేదు.

కొలతలు చదవడం మాత్రం నేర్చుకోండి, ఎక్కడ చూసినా అవే అంకెలు కనిపిస్తాయి. ఎత్తుని నాలుగు అంకెల్లో రాస్తారు: మొదటిది అడుగులు, తర్వాతి రెండు అంగుళాలు, చివరిది అంగుళంలో ఎనిమిదో వంతులు. 2023 మొదటి పిక్ బ్రైస్ యంగ్ 5101, అంటే 5 అడుగుల 10 అంగుళాల మీద ఎనిమిదో వంతు. అరచేతిని పూర్తిగా చాపి బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా కొలిచేది హ్యాండ్ సైజ్. 9 అంగుళాలకు తగ్గితే చర్చ మొదలవుతుంది. 2022లో కెనీ పికెట్ ఎనిమిదిన్నర అంగుళాల చెయ్యి మీద వారాల తరబడి వాదనలు నడిచాయి. చిన్న చెయ్యి వల్ల రాగల ఇబ్బంది తడి బంతి జారడం, సాక్ అయ్యేటప్పుడు (విసరకముందే పడగొట్టినప్పుడు) బంతి ఊడిపోవడం. ఆ రెంటినీ ఆట ఫిల్మ్‌లో, ఫంబుల్ (బంతి చేజారడం) లెక్కల్లో నేరుగా చూడొచ్చు. ఫలితం కళ్లముందే ఉండగా టేపు పట్టుకుని కొలవడం ఎందుకో అర్థం కాదు.

విసిరే భాగంలో ఇంకో చిక్కు. పైవరసలో ఉన్నవాళ్లు కంబైన్‌లో విసరడమే మానేస్తున్నారు. 2024లో మొదటి మూడు పిక్‌లుగా వెళ్లిన కేలబ్ విలియమ్స్, జేడెన్ డేనియల్స్, డ్రేక్ మే ముగ్గురూ విసరలేదు. వాళ్లంతా ప్రో డే కోసం దాచుకుంటారు.

ప్రో డే అంటే పెళ్లిచూపులే. రిసీవర్లు సొంత కాలేజీవాళ్లు, ఏ త్రో తర్వాత ఏ త్రో అన్నది ప్రైవేట్ కోచ్ వారాల ముందే రాసిపెట్టింది, ఎదురుగా మీద పడేవాడు ఉండడు. 2021 మార్చిలో జాక్ విల్సన్ ఎడమవైపు పరిగెడుతూ, ఒంటికి అడ్డంగా మైదానం అవతలి వైపుకి విసిరిన లాంగ్ త్రో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ త్రో నిజంగానే గొప్పది. కానీ న్యూయార్క్ జెట్స్‌లో అతన్ని ముంచింది చెయ్యి కాదు, పాకెట్ (లైన్‌మన్లు చుట్టూ కాచే చోటు) కూలుతున్నప్పుడు తీసుకున్న నిర్ణయాలు. అలాంటిది ప్రో డేలో బయటపడే వీలే లేదు. చూసి తీరాలనిపిస్తే బంతిని వదిలేసి కాళ్లు చూడండి. కాలేజీలో చాలామంది ఎప్పుడూ షాట్‌గన్‌లోనే, అంటే బంతి అందించే సెంటర్‌కి కొన్ని గజాలు వెనకే ఉంటారు. సెంటర్‌కి ఆనుకుని నిలబడి బంతి అందుకుని, మూడు, ఐదు, ఏడు అడుగులు వెనక్కి వేసే డ్రాప్ తీసుకోవాల్సి వస్తే అడుగులు తడబడతాయి. చివరి అడుగు నేలకు తగిలిన క్షణానికి భుజాలు లక్ష్యం వైపు తిరిగి ఉన్నాయా లేదా అన్నది చూస్తే చాలు. మొబిల్‌లో జరిగే సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కి వచ్చే కాలేజీ ఆటగాళ్ల ప్రదర్శన ఆట) ప్రాక్టీసులు ఇంతకన్నా చాలా నయం. రిసీవర్లు కొత్త, ప్లేబుక్ కొత్త, ఎదురుగా నిజమైన డిఫెన్స్.

పరీక్షల లీకులు

12 నిమిషాల్లో 50 ప్రశ్నలుండే వాండర్లిక్ పరీక్షను కంబైన్ నుంచి 2022లో తీసేశారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఎస్2. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఎంత వేగంగా గమనించి, ఎంత వేగంగా స్పందిస్తున్నారో కొలుస్తుంది. అభిమానులకు ఇది అమ్మరు, లీకుల రూపంలోనే వస్తుంది. 2023లో సి.జె. స్ట్రౌడ్ స్కోరు చాలా తక్కువని డ్రాఫ్ట్ ముందు వార్త పొక్కింది. అదే ఏడాది అతను హ్యూస్టన్ తరఫున 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లతో (ప్రత్యర్థి పట్టేసిన పాస్‌లతో) ఉత్తమ కొత్త అఫెన్స్ ఆటగాడి అవార్డు కొట్టేశాడు. ఏప్రిల్‌లో లీకయ్యే ప్రతి అంకె వెనకా, ఆ ఆటగాడు కిందికి జారితే లాభపడే టీమ్ ఏదో ఒకటి ఉంటుంది. పైసా విలువ ఇవ్వకండి.

బాక్స్ స్కోరు

బాక్స్ స్కోరు అంటే ఆట అంకెల పట్టిక. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అందరూ అందులో ముందు పట్టుకునేది కంప్లీషన్ శాతం, అంటే రిసీవర్లు పట్టిన పాస్‌ల వాటా. స్నాప్ కాగానే (సెంటర్ బంతి అందించగానే) పక్కకి విసిరే స్క్రీన్ పాస్ కూడా అందులో కంప్లీషనే. 75 శాతం చూపించే కుర్రాడి త్రోల్లో మూడో వంతు ప్లే మొదలయ్యే లైన్‌కి వెనకే పడుతుంటే ఆ శాతం కోచ్ రాసిన ప్లేలది. తిరగేసి చూస్తే, జాష్ ఆలెన్‌కి వయోమింగ్ కాలేజీ జట్టులో మొత్తం మీద 56.2 శాతమే. ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి ఏడాది 52.8. 2020కల్లా 69.2. జో బరోకి ఎల్‌ఎస్‌యూ కాలేజీ జట్టులో 2018లో 57.8 శాతం, 16 టచ్‌డౌన్లు. మరుసటి ఏడాది 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు. ఏ ఒక్క సీజన్ అంకెనీ పట్టుకుని వేలాడకూడదనడానికి ఈ ఇద్దరే చాలు.

కాలేజీ అంకెలు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి యథాతథంగా అతకకపోవడానికి నియమాలు కూడా కారణం. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కాలేజీలో హ్యాష్ గీతల (ప్లేకి ముందు బంతిని పెట్టే హద్దులు) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర. కాలేజీలో బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100. డిఫెన్స్ ఆ 100 అడుగుల వైపుకి సాగదీసుకోక తప్పదు, ఎక్కడ ఖాళీ ఉంటుందో స్నాప్‌కి ముందే తెలిసిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే బంతికి అటూఇటూ దాదాపు 71, 89 అడుగులు. ఖాళీ తనంతట తాను కనపడదు. ఇక ఆర్‌పీఓ, అంటే పరుగా పాసా అన్నది స్నాప్ తర్వాత తేల్చుకునే ప్లే. ముందుకి వేసే పాస్ వదిలే లోపు కాలేజీ లైన్‌మన్ 3 గజాలు ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అంటే కాలేజీలో తీరిగ్గా చూసి విసిరిన అదే త్రో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫ్లాగ్, అంటే పెనాల్టీ.

బాక్స్ స్కోరు దాచేసే ముఖ్యమైనది సాక్. కాలేజీ లెక్కల్లో సాక్‌లో పోయిన గజాలను క్వార్టర్‌బ్యాక్ రన్నింగ్ ఖాతాలోంచి తీసేస్తారు. పాసింగ్ వరస శుభ్రంగా, ముచ్చటగా కనిపిస్తూనే ఉంటుంది. ఒకడు పరుగు బాగా తీయగలడని అందరూ అంటున్నా సీజన్ మొత్తానికి రన్నింగ్ గజాలు సున్నా దగ్గరే ఆగిపోయాయంటే, ఆ తేడా సాక్‌ల్లో పోయిందని అనుమానించండి.

చార్టింగ్ డేటా

ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. ప్రతి స్నాప్‌నీ మనుషులు చూసి నమోదు చేసే సేవలివి. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఎఫ్ అయితే ప్రతి ప్లేకీ ప్రతి ఆటగాడికీ మైనస్ 2 నుంచి ప్లస్ 2 మధ్య, అర మార్కు చొప్పున గ్రేడ్ ఇస్తుంది. ఆ గ్రేడ్‌ను ర్యాంకులా వాడేవాళ్లే ఎక్కువ, కానీ చందా విలువ అందులో లేదు. కింది పొరల్లో ఉన్న విడి లెక్కల్లో ఉంది.

ముందుగా చూడాల్సింది ప్రెజర్ ఎన్నిసార్లు వచ్చింది, అందులో ఎన్నిసార్లు సాక్ అయ్యాడు అన్నది. ఒక ఊహా లెక్క: 400 డ్రాప్‌బ్యాక్‌లలో (విసరడానికి వెనక్కి అడుగేసిన ప్లేలలో) 120 సార్లు ప్రెజర్ వచ్చింది. సాక్‌లు 12 అయితే 10 శాతం, 30 అయితే 25 శాతం. 20 శాతం దాటితే జాగ్రత్త పడండి. టచ్‌డౌన్లు, కంప్లీషన్ శాతం లాంటివి స్కీము మారితే మారిపోతాయి. ఈ శాతం మాత్రం కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా క్వార్టర్‌బ్యాక్‌తోపాటే వస్తుంటుంది, ఎందుకంటే ప్రెజర్ రావడంలో లైన్ తప్పు ఎంతున్నా, అది సాక్‌గా మారడం ఎక్కువగా అతని చేతిలోనే ఉంది. బంతిని ఎప్పుడు వదిలించుకోవాలో తెలియనివాడికి కాలేజీలో కాళ్లు సాయం చేస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ డిఫెన్సివ్ ఎండ్‌లు ఆ కాళ్లను అందుకుంటారు.

ఈ లెక్క ఎక్కడ దారి తప్పిస్తుందో కూడా తెలియాలి. ప్రెజర్ అంటే ఏమిటన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా నిర్వచిస్తుంది, కాబట్టి ఒకచోటి ప్రెజర్లతో ఇంకోచోటి సాక్‌లను భాగించొద్దు. సగటు త్రో సమయం పక్కనే పెట్టుకుని చూడండి. రెండున్నర సెకన్లలోపే వదిలేసేవాడి తక్కువ శాతం, మూడు సెకన్లు పట్టుకునేవాడి తక్కువ శాతం ఒకటి కావు. మొదటివాడు ప్రెజర్‌ను తప్పించుకున్నాడు, రెండోవాడు ఎదుర్కొన్నాడు. ఆ తర్వాత స్క్రీన్‌లు, ప్లే యాక్షన్ (పరుగు నటించి వేసే పాస్) తీసేసిన డ్రాప్‌బ్యాక్‌లను మాత్రమే వడగట్టి చూడండి. మూడో డౌన్‌లో (10 గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) 7 గజాలు, అంతకన్నా ఎక్కువ కావాల్సిన ప్లేలను మరోసారి విడిగా తీయండి. అప్పటికి చాలామంది దగ్గర మిగిలేది 60, 70 ప్లేలే. అంత చిన్న గుత్తిలో రెండు ఇంటర్‌సెప్షన్లు అదృష్టం వల్ల అటూఇటూ అయితే చిత్రం మొత్తం మారిపోతుంది. అందుకే ఇంటర్‌సెప్షన్ల సంఖ్య కాకుండా ఇంటర్‌సెప్షన్ అయి ఉండాల్సిన త్రోల సంఖ్య చూడాలి. డిఫెండర్ చేతిలో పడి జారిపోయిన బంతిని బాక్స్ స్కోరు మరిచిపోతుంది, చార్టింగ్ చేసేవాడు రాసుకుంటాడు.

ఆడిన ఆటలు తక్కువైతే డేటా కూడా చేతులెత్తేస్తుంది. లాన్స్ నార్త్ డకోటా స్టేట్‌కి 17 ఆటలే స్టార్ట్ చేశాడు, 2020లో ఆడింది ఒక్కటే. ట్రుబిస్కీ 13, ఆంథనీ రిచర్డ్‌సన్ 13. దీన్ని శాసనం చేయలేం, ఆబర్న్‌లో ఒక్క సీజనే ఆడిన కామ్ న్యూటన్ ఎదురుగా ఉన్నాడు. కానీ స్టార్ట్‌లు 20 లోపు ఉంటే మీ అంచనాకి రెండువైపులా చాలా చోటు వదిలిపెట్టండి.

ఫిల్మ్

టీవీ ప్రసారంలో కెమెరా బంతి వెంట పోతుంది. రిసీవర్లూ సేఫ్టీలూ (వెనక కాపు కాసే డిఫెండర్లు) ఫ్రేము దాటిపోతారు. క్వార్టర్‌బ్యాక్ ఎవరిని చూడకుండా వదిలేశాడో తెలియాలంటే 22 మందీ కనిపించే ఆల్-22 కావాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలకు ఇది చందా కట్టి చూడొచ్చు. కాలేజీ ఆటలకు దొరకడమే కష్టం. దొరకనిచోట ప్రసారంలోని రీప్లేలు, ఎండ్‌జోన్ వైపు కోణాలతో సరిపెట్టుకోవాలి. హైలైట్ రీలు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఆటలు ఏరుకోవడంలోనే సగం పని ఉంది. షెడ్యూల్‌లోని రెండు గట్టి డిఫెన్స్‌లతో ఆడినవి, ఓడిపోయినది ఒకటి, గాలీ వానా ఉన్నది దొరికితే ఒకటి. ప్రతి ప్లేనీ మూడుసార్లు నడపండి. మొదటిసారి సేఫ్టీలను, రెండోసారి క్వార్టర్‌బ్యాక్ కాళ్లనూ తలనూ, మూడోసారి బంతిని.

ఉదాహరణకి మూడో డౌన్, 8 గజాలు కావాలి. స్నాప్‌కి ముందు ఇద్దరు సేఫ్టీలూ లోతుగా నిలబడ్డారు, మధ్యలో ఖాళీ ఉన్నట్టు కనిపిస్తోంది. స్నాప్ కాగానే ఒక సేఫ్టీ లోతు మధ్యకి జారుకుంటాడు, రెండోవాడు ముందుకి దూకి 10, 12 గజాల దగ్గర సరిగ్గా డిగ్ రూట్ (రిసీవర్ ముందుకెళ్లి మధ్యకి తిరిగే పరుగు) దారిలో వచ్చి కూర్చుంటాడు. స్నాప్‌కి ముందే నిర్ణయించేసుకున్న క్వార్టర్‌బ్యాక్ ఐదో అడుగు మీద ఆ డిగ్‌కే విసురుతాడు. సేఫ్టీ చేతికి తగిలి బంతి కింద పడుతుంది, బాక్స్ స్కోరులో అది మామూలు ఇన్‌కంప్లీషన్. రెండో రకం క్వార్టర్‌బ్యాక్ ఆ సేఫ్టీ భుజం తిరగడం చూసి, ఒక చిన్న అడుగు వేసి కాళ్లు సరిచేసుకుని, సైడ్‌లైన్ పక్కన కమ్‌బ్యాక్‌కి (ముందుకెళ్లి వెనక్కి తిరిగే రిసీవర్‌కి) విసురుతాడు. ఆ రిసీవర్‌ని కాచే కార్నర్ లోతుకి పరిగెత్తుతున్నాడు కాబట్టి అక్కడ ఖాళీ ఉంది. రిసీవర్ జారవిడుస్తాడు. ఇదీ ఇన్‌కంప్లీషనే. మొదటివాడు ప్రమాదం, రెండోవాడు ఎన్‌ఎఫ్‌ఎల్ సరుకు. ఇలాంటి ప్లేలు ఒక ఆటలో పదికి మించి ఉండవు, వాటిని విడిగా రాసిపెట్టుకోండి. ప్రెజర్ వచ్చినప్పుడు కళ్లు రష్ (మీద పడేవాళ్లు) మీదకి దిగుతున్నాయా, మైదానం మీదే ఉంటున్నాయా అన్నది రెండో నడకలో తేలిపోతుంది. ఖాళీ పాకెట్‌లో కూడా కాళ్లు గంతులేస్తున్నాయంటే అతను అంతకుముందు తిన్న దెబ్బలు ఇంకా మరిచిపోలేదన్నమాట.

ఫిల్మ్‌కున్న లోపం: క్వార్టర్‌బ్యాక్‌కి కోచ్ ఏం చెప్పాడో మనకు తెలియదు. వదిలేసిన రిసీవర్ అసలు అతను చూడాల్సిన వరసలోనే లేకపోవచ్చు. టీమ్‌లు ఆ సంగతిని బోర్డు ముందు నిలబెట్టి అడిగి తెలుసుకుంటాయి. మనకు ఆ దారి లేదు.

గైడ్లు

డ్రాఫ్ట్ గైడ్ల నాణ్యతకు పొంతనే ఉండదు. కొనేముందు అదే రచయిత మూడేళ్ల కిందటి గైడ్ తెరిచి చూడండి. ర్యాంకులు నిజమయ్యాయా అని కాదు, చెప్పిన లోపాలు నిజమయ్యాయా అని. ప్రతి కుర్రాడికీ నాయకత్వ లక్షణాలు, బలమైన చెయ్యి, ఇంకా మెరుగుపడాల్సిన పాకెట్ ఉనికి అంటూ అవే మాటలుంటే పక్కన పెట్టేయండి. ఫలానా స్టార్‌లా ఆడతాడని పోల్చే పెట్టెలు మరీ వృథా. గాయాల చరిత్ర, మారిన కాలేజీలు, కోఆర్డినేటర్లు, స్టార్ట్‌ల సంఖ్య ఒకేచోట దొరకడం వరకు గైడ్ మంచిదే.

ఎవరూ అమ్మనిది ఒకటుంది: వెళ్లే టీమ్. మహోమ్స్ మొదటి ఏడాది ఆలెక్స్ స్మిత్ వెనక బెంచి మీద కూర్చున్నాడు, జోర్డన్ లవ్ మూడేళ్లు ఏరన్ రాజర్స్ వెనక. జాష్ రోజెన్‌కి అరిజోనాలో ఒక్క సీజన్ దొరికింది. కోచ్ మారాడు, కొత్త కోచ్ మొదటి పిక్‌తో కైలర్ మరీని తెచ్చుకున్నాడు. బేకర్ మేఫీల్డ్ నాలుగో టీమ్‌లో, శామ్ డార్నల్డ్ కూడా నాలుగో టీమ్‌లో గాడిన పడ్డారు. కాబట్టి ఏ గ్రేడ్ రాసినా పక్కన షరతు రాయండి: లైన్ ఎలా ఉంటే, ఎన్నాళ్లు కూర్చోబెడితే. ఒక టీమ్ మరీ ముందుగా ఎగబడి తీసుకుంటే దాన్ని ఆటగాడి విలువ అనుకోవద్దు. 2010లో శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 5 కోట్ల డాలర్ల గ్యారంటీ ఉండేది. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2011 ఒప్పందం వచ్చాక అదే మొదటి పిక్‌కి న్యూటన్‌కి నాలుగేళ్లకు కలిపి దక్కింది 2.2 కోట్లు. తప్పు చేసినా ఖరీదు తగ్గింది కాబట్టే టీమ్‌లు క్వార్టర్‌బ్యాక్‌ని తన చోటుకన్నా ముందే లాగేస్తున్నాయి. 2024లో మొదటి 12 పిక్‌లలో ఆరుగురు వెళ్లారు.

చందా ఎప్పుడు కట్టాలన్నది చివరి సంగతి. కాలేజీ సీజన్ జనవరిలో ముగుస్తుంది, లెక్కలు ఆ తర్వాత మారవు. నెలవారీ చందా ఇచ్చే సేవ అయితే ఫిబ్రవరిలో ఒక నెల తీసుకుని, ఒక్కో క్వార్టర్‌బ్యాక్‌కి గత రెండు సీజన్ల ప్రెజర్, సాక్, త్రో సమయం వరసలను స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకోండి. చివరి సీజన్ ఒక్కటే దించుకుంటే బరో లాంటి ఎగుబాటు కనపడదు. ఆటోమేటిక్ రెన్యువల్ మాత్రం కట్టిన రోజే ఆపేయండి.